వేగు, జాసూసు, పితూరీ: గోదావరి సీమలో కొన్ని మాటల చరిత్ర

గోదావరి జిల్లాల ఇళ్ళలో చిన్నవాడు తన అన్న చేసిన తప్పును తల్లి చెవిన వేయబోతే, "పితూరీలు చెప్పకురా" అని ఆమె కసురుతుంది. అదే జిల్లాల ఎగువ మన్యంలో 1879లో కోయలు, కొండరెడ్లు పోలీసు ఠాణాల మీద విరుచుకుపడిన తిరుగుబాటుకు కూడా పితూరీ అనే పేరు. ఒకటి చెవిలో గుసగుసగా ఊదే మాట, రెండవది కొండకోనల్లో తుపాకి మోత. ఒకే పదం ఈ రెంటికీ ఎలా సరిపోయింది?

పితూరీ తెలుగు మాట కాదు. అరబీలో 'ఫుతూర్' అంటే సడలిపోవడం, బలం ఉడగడం. ఫార్సీ, ఉర్దూ భాషల్లోకి వచ్చేసరికి దానికి లోపం, అలజడి, కల్లోలం అనే అర్థాలు కూడా వచ్చాయి. (దివ్యఖుర్ఆన్‌లో సూరా అల్-ముల్క్‌లో ఆకాశాలలో పగులు ఏదైనా కనిపిస్తోందా అని అడిగే సందర్భంలో వచ్చే 'ఫుతూర్' వేరే అక్షరంతో వ్రాసే వేరే మాట. చెవికి ఒకటిగా వినిపించినా రెంటినీ కలపరాదు.) దివాణాల్లో, కచేరీల్లో ఎవరైనా ప్రభుత్వానికి ఎదురు తిరిగితే 'ఫుతూరీ' అని వ్రాసేవారు. 'ఫలానావాడు ఫుతూర్ చేయబోతున్నాడు' అని పైవారికి చేరవేసేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. తిరుగుబాటు ఎప్పుడో ఒకసారి జరుగుతుంది గాని, దాన్ని గురించి చెవిన వేయడం నిత్యం జరిగే పని. అందుచేత మైదానంలోని తెలుగువారికి చెవిన వేయడమే పితూరీ అయి ఉండాలి. తిరుగుబాట్లు నిజంగా జరుగుతూ వచ్చిన మన్యంలో మాత్రం పాత అర్థం చెక్కుచెదరలేదు.

ఇతరులను రహస్యంగా కనిపెట్టేవారికి, వెంబడించేవారికి, విన్నది మోసుకుపోయేవారికి గోదావరి సీమలో వాడుకైన పేర్లన్నీ ఏరితే, ఆ సీమను ఏలినవారి చరిత్ర చాలామటుకు అందులోనే కనిపిస్తుంది. ఆ పేర్లలో సగానికి సగం అరబీ, ఫార్సీల నుండి వచ్చినవి. ఆ భాషల వెనుక ఉన్న ధర్మశాస్త్రం ఈ పనిని గురించి ఏమన్నది, ఆ భాషలు మాట్లాడిన ప్రభుత్వాలు ఏమి చేశాయి అన్నవి రెండు వేరు వేరు సంగతులు. వాటిని విడదీసి చూడటం అవసరం.

ముందుగా పాత పొర. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుని కొలువులో 11వ శతాబ్దిలో నన్నయ భట్టు మహాభారతాన్ని తెలుగు చేయనారంభించాడు. ఆ భారతంలోని సభాపర్వంలో నారదుడు ధర్మరాజును రాజ్యపాలన గురించి వరుసగా ప్రశ్నిస్తాడు. సంస్కృత మూలంలో ఆ ప్రశ్నల నడుమ వేగులవారి ప్రస్తావన ఉంది: శత్రువుల పక్షంలో పద్ధెనిమిది స్థానాలను, తన పక్షంలో పదిహేను స్థానాలను ఒకరినొకరు ఎరుగని ముగ్గురేసి చారుల ద్వారా తెలుసుకుంటున్నావా అని. తన పక్షంలో కూడా పదిహేను స్థానాలన్నది గమనించదగినది. కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ విద్యను ఇంకా విస్తరించింది. శిష్యుని వేషం, సన్న్యాసి వేషం, గృహస్థు, వర్తకుడు, తాపసుడు అంటూ ఒకచోట స్థిరంగా ఉండే గూఢపురుషులను, తిరుగుతూ ఉండే వారిని వేరు చేసి చెప్పింది. భిక్షుకి వేషంలో అంతఃపురాలకు పోయే స్త్రీ ఈ రెండవ తెగలోనిది. అమరకోశం ఈ వృత్తికి ఏడు పేర్లు ఇచ్చింది: యథార్హవర్ణుడు, ప్రణిధి, అపసర్పుడు, చరుడు, స్పశుడు, చారుడు, గూఢపురుషుడు. మొదటి పేరు ఏ పనికి ఏ వేషం తగునో ఆ వేషం వేసేవాడనే అర్థాన్నిస్తుంది. అపసర్పుడంటే ప్రాకుతూ దూరేవాడు. ఏడింటిలో ఒక్కటీ పల్లెజనం నోట మిగలలేదు. చదువుకున్నవారి వ్రాతల్లో 'గూఢచారి' మాత్రం నిలిచింది.

జనం నోట నిలిచినది 'వేగు'. వేగు అంటే తెల్లవారుజాము కూడా. వేగుచుక్క అనే మాటలో ఆ అర్థమే ఉంది. రహస్యంగా సేకరించిన వార్తకు, దాన్ని సేకరించేవానికి కూడా అదే మాట. వేగులవాడు, వేగు పంపడం, వేగు చూడటం అనే వాడుకలు దీనివే. గ్రామంలో దీనికి దగ్గరగా ఉండే మనిషి తలారి. అతడు రహస్యంగా ఉండేవాడు కాదు. దొంగ జాడ పట్టడం, పశువుల అడుగులను బట్టి ఎటు తోలుకుపోయారో చెప్పడం అతని విద్య. ఊరివారందరికీ అతడెవరో తెలుసు. ఇక ఇంటింటి మాటలు మోసేవానికి తెలుగువారు వేగు అనే గౌరవం ఇవ్వలేదు. కొండెగాడు అన్నారు. చాడీకోరు అన్నారు. కావలి కాసేవాడు, వేగు చూసేవాడు, కొండెం చెప్పేవాడు ముగ్గురూ చేసేది ఒక విధంగా కనిపెట్టడమే అయినా భాష ముగ్గురినీ మూడు వేర్వేరు పీటల మీద కూర్చోబెట్టింది.

అరబీ భాషలోనూ ఈ విభజన ఉంది, కాని ఇంకా నిశితంగా ఉంది. 'జాసూస్' అనే మాటకు మూలధాతువు చేతితో తడిమి చూడటాన్ని సూచిస్తుంది. వైద్యుడు నాడి పట్టి చూడటానికి కూడా ఈ ధాతువునే వాడతారు. దీని నుండే 'తజస్సుస్' వచ్చింది. సూరా అల్-హుజురాత్ 12వ ఆయత్‌లో విశ్వాసులకు నిషేధించబడిన మూడు పనులలో నడిమిది ఇదే. మొదటిది అనవసరమైన అనుమానం, చివరిది పరోక్షనింద. క్రమం యాదృచ్ఛికం కాదని వ్యాఖ్యాతలు చెప్పారు. అనుమానం పుట్టినవాడు ఆరా తీస్తాడు, ఆరా తీసినవాడు పదిమందిలో చెబుతాడు. దీనికి ఒక్క అక్షరం తేడాతో 'తహస్సుస్' అనే మరో మాట ఉంది. ఇంద్రియాలతో తెలుసుకోవడం, ఆచూకీ తీయడం దాని అర్థం. సూరా యూసుఫ్ 87వ ఆయత్‌లో హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) తన కుమారులను పోయి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకమన్నప్పుడు ఈ మాటనే వాడారు. తప్పిపోయిన బిడ్డ కోసం వెదకే తండ్రి మాటకు, పొరుగువాని గోడ పగుళ్ళలో వెదకేవాని మాటకు మధ్య ఉన్నది ఒక చుక్క మాత్రమే. అయితే హదీసులలో 'తహస్సుస్' కూడా నిషేధాల జాబితాలో కనిపిస్తుంది. చాటుగా చెవి ఒగ్గి వినడం అనే అర్థంలో అక్కడ వచ్చిందని విద్వాంసులు వివరించారు. కనుక మాటను బట్టి కాక, ఎవరి కోసం, ఎందుకోసం వెదకుతున్నారో చూచి తీర్పు చెప్పవలసి వస్తుంది.

యుద్ధంలో శత్రువు జాడ తీసేవాణ్ణి అరబ్బులు 'ఐన్' అన్నారు. కన్ను అని అర్థం. బద్ర్ యుద్ధానికి (624) ముందు దైవప్రవక్త ముహమ్మద్ (స) అబూ సుఫ్‌యాన్ బిడారు జాడ తీయడానికి మనుషులను పంపారు. ఆ మనుషులు బావి దగ్గర నీళ్ళు తోడుకుని, వినవలసింది విని వెళ్ళిపోయారు. తరువాత అక్కడికి అబూ సుఫ్‌యాన్ వచ్చి, వారి ఒంటెలు వేసిన పేడను చితిపి చూస్తే ఖర్జూర గింజలు కనిపించాయి. ఇది యస్రిబ్ మేత అని గ్రహించి బిడారును సముద్రతీరం వైపు మళ్ళించాడు. ఇబ్నె ఇస్‌హాఖ్ చెప్పిన ఈ సంఘటనలో రెండు పక్షాల నేర్పూ ఉంది. జాడ పట్టడంలో అబూ సుఫ్‌యాన్‌ది అచ్చంగా మన తలారి విద్య.

అన్నిటికంటె ఎక్కువగా ఆలోచింపజేసేది హజ్రత్ హుజైఫా బిన్ యమాన్ (రజి) వృత్తాంతం. కందక యుద్ధంలో (627) గాలివాన, చలి కమ్మిన రాత్రి శత్రు శిబిరం వార్త తెమ్మని దైవప్రవక్త (స) ఆయనను పంపారు. వార్త తేవాలి, వారిని రెచ్చగొట్టరాదు అని ఆదేశం. హుజైఫా (రజి) చీకటిలో శిబిరంలోకి పోయారు. నిప్పు దగ్గర వీపు కాచుకుంటున్న అబూ సుఫ్‌యాన్ కనిపించాడు. బాణం వింటికి ఎక్కించారు. ఆదేశం గుర్తుకు వచ్చి దించివేశారు. చూచినది చూచినట్లు చెప్పడానికే తిరిగి వచ్చారు. మదీనాలో కపటుల పేర్లు దైవప్రవక్త (స) ఈయనకే చెప్పారు. అందుకే ఆయనకు రహస్యాల భద్రకుడనే పేరు. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారు వచ్చి ఆ పేర్లలో తనది ఉందా అని అడిగినట్లు గ్రంథాలు చెబుతున్నాయి. ఆ జాబితాను ఆయన లోకానికి వెల్లడించలేదు. ఆ తరువాత కాలంలో ఒక వ్యక్తి జనం మాటలు పాలకునికి చేరవేస్తున్నాడని ఎవరో చెప్పినప్పుడు, 'ఖత్తాత్' స్వర్గంలో ప్రవేశించడనే హదీసును వినిపించినదీ ఈ హుజైఫాయే (రజి).

ఖత్తాత్ ఎవరు? హదీసు వ్యాఖ్యాతలు రెండు పేర్లను వేరు చేశారు. నలుగురితో పాటు కూర్చుని విని, ఆ మాటలు మరొకరికి మోసేవాడు 'నమ్మామ్'. వారికి తెలియకుండా చాటున ఉండి విని మోసేవాడు 'ఖత్తాత్'. మన కొండెగాడు నమ్మామ్‌కు సరిపోతాడు. ఖత్తాత్‌కు తెలుగులో ఒక్క మాటలో సమానం దొరకదు. పొంచి విని కొండెం చెప్పేవాడు అనవలసి వస్తుంది. శత్రు శిబిరంలోకి ప్రాణాలకు తెగించి పోయిన మనిషే తన ఊరి జనం మాటలు పాలకునికి చేరవేసేవాణ్ణి ఇంతగా అసహ్యించుకోవడంలో వైరుధ్యం లేదు. 'ఐన్' వేరు, 'ఖత్తాత్' వేరు. గూఢచర్యాన్ని గురించి ధర్మం ఏమన్నదని అడిగేవారు ముందుగా ఏ మాట గురించి అడుగుతున్నారో చెప్పాలి.

పాలకుడే స్వయంగా తొంగి చూస్తే? హజ్రత్ ఉమర్ (రజి) రాత్రి గస్తీ తిరుగుతూ ఒక ఇంటిలో చప్పుడు విని గోడ ఎక్కి లోపలికి దిగిన వృత్తాంతాన్ని ఇమామ్ గజాలీ వంటివారు ఉదహరించారు. ఇంటివాడు తప్పు చేస్తూ పట్టుబడ్డాడు. కాని అతడు ఖలీఫాకు ఎదురు చెప్పాడు: నేను ఒక తప్పు చేశాను, మీరు మూడు చేశారు. కనిపెట్టవద్దన్నాడు అల్లాహ్, మీరు కనిపెట్టారు. వాకిలి గుండా రమ్మన్నాడు, మీరు గోడ దూకారు. సలాం చేసి అనుమతి తీసుకోమన్నాడు, మీరు తీసుకోలేదు. ఉమర్ (రజి) ఆ మాట ఒప్పుకుని బయటికి వెళ్ళిపోయారు. ధర్మశాస్త్రజ్ఞులు దీన్ని నియమంగా మలచారు. ముహ్‌తసిబ్ బహిరంగంగా కనిపించే చెడును వారించవచ్చు గాని, మూసిన తలుపు వెనుక ఏముందో వెదకరాదని అల్-మావర్దీ వ్రాశాడు. నమ్మదగినవాడు వచ్చి, ఒకడు మరొకణ్ణి చంపడానికి చాటుకు తీసుకుపోయాడని చెప్పినట్లయితే అది వేరు. ఆలస్యం చేస్తే ప్రాణం పోతుంది గనుక.

శాస్త్రం ఇలా ఉండగా రాజ్యాలు తమ దారిన తాము నడిచాయి. వార్తలు పంపే అధికారి 'సాహిబె బరీద్'. అబ్బాసీలు, వారి తరువాతివారు ఈ శాఖను పెంచారు. సల్జూఖీ సుల్తాన్ అల్ప్ అర్సలాన్ మాత్రం వార్తాహరులను నియమించడానికి ఇష్టపడలేదని ఆయన మంత్రి నిజాముల్ ముల్క్ తన సియాసత్‌నామాలో వ్రాశాడు. సుల్తాన్ చెప్పిన కారణం చాలా లౌక్యమైనది. నా మిత్రుడు తన విధేయత మీద నమ్మకంతో వార్తాహరుణ్ణి లెక్కచేయడు, లంచం ఇవ్వడు. శత్రువు ఇస్తాడు. అప్పుడు మిత్రుల గురించి చెడ్డ వార్తలు, శత్రువుల గురించి మంచి వార్తలు వస్తూ ఉంటాయి. కొన్నాళ్ళకు మిత్రులు దూరమై శత్రువులు దగ్గరవుతారు. నిజాముల్ ముల్క్‌కు ఈ వాదం నచ్చలేదు, బరీద్ శాఖ ఉండవలసిందేనని అతని అభిప్రాయం. తరువాతి పాలకులంతా సుల్తాన్ మాట కాక మంత్రి మాటే విన్నారు.

ఆ బరీద్ తెలుగు దేశానికి 14వ శతాబ్ది తొలి పాదంలో సైన్యాలతో పాటు వచ్చింది. 1321 ప్రాంతంలో ఉలుగ్ ఖాన్ (తరువాతి ముహమ్మద్ బిన్ తుగ్లఖ్) ఓరుగల్లును ముట్టడించినప్పుడు, ఢిల్లీ నుండి వారానికి రెండు మూడుసార్లు తపాలా గుర్రాల మీద వార్తలు వచ్చేవని చరిత్రకారుడు బరనీ వ్రాశాడు. ఒక నెలకు పైగా ఆ వార్తలు ఆగిపోయాయి. వెంటనే శిబిరంలో సుల్తాన్ చనిపోయాడనే వదంతి పుట్టింది. సేనానులు ఎవరి దారిన వారు లేచిపోయారు. ముట్టడి విఫలమైంది. కత్తి దెబ్బ లేకుండా కేవలం వార్త లేకపోవడం వల్ల ఒక సైన్యం విరిగిపోయింది. రెండవ దండయాత్రలో ఓరుగల్లు పడింది. రాజమండ్రి పెద్ద మసీదులో హిజ్రీ 724 రంజాన్ 20 (1324 సెప్టెంబరు 10) నాటి ఫార్సీ శాసనం ఉంది. గోదావరి తీరాన ఆ భాష నిలిపిన తొలి గుర్తులలో అది ఒకటి. ఆ పాలన ఎక్కువ కాలం సాగలేదు. ఇబ్రాహీం ఖుతుబ్ షా కాలంలో, 1571-72లో రాజమండ్రి గోల్కొండకు లోబడింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది.

మొగలులు ఈ పనిని దఫ్తరు పనిగా మార్చారు. 'వాఖియా నవీస్' ప్రతి సుబాలో జరిగిన సంగతులను బాహాటంగా వ్రాసి పంపే ఉద్యోగి. అతడెవరో సుబేదారుకు తెలుసు. అందుచేత అతడు సుబేదారుతో కుమ్మక్కు కాగలడు. ఆ భయంతో అతనిపైన 'ఖుఫియా నవీస్' అనే రహస్య లేఖకుణ్ణి పెట్టారు. వీరిద్దరూ కాక 'హర్కారా' ఉన్నాడు. హర్ అంటే ప్రతి, కార్ అంటే పని. అన్ని పనులకూ పనికివచ్చేవాడన్న మాట. కాలినడకన వార్త మోసేవాడూ అతడే, దారిలో విన్నది కలిపి చెప్పేవాడూ అతడే. దక్కనులో 1660-71 నాటి ఇటువంటి వాఖియాలను యూసుఫ్ హుసేన్ ఖాన్ ఎంపిక చేసి 1953లో హైదరాబాదులో అచ్చు వేయించారు. కనిపెట్టేవానిని కనిపెట్టేవాడు, వానిపైన మరొకడు. ఈ వరుసకు అంతం ఎక్కడో అల్ప్ అర్సలాన్‌కు తెలిసినట్లుంది.

ఈ దఫ్తరులు పోయాయి. వాటి మాటలు గోదావరి పల్లెల్లో మిగిలాయి, కాని ఎలా మిగిలాయో చూడాలి. 'ఖబర్' కబురు అయింది. కూతురు పురుడు పోసుకుందని అల్లుడి ఇంటికి పంపే కబురులో గూఢచర్యం వాసన ఏమీ లేదు. అదే ధాతువు నుండి వచ్చిన 'అఖ్‌బార్' పత్రిక అయింది. 'ముఖ్‌బిర్' మాత్రం ఉర్దూలో పోలీసు తొత్తుగా మిగిలిపోయాడు. 'ఖబర్‌దార్' అంటే వార్త తెలిసినవాడు, మెలకువతో ఉన్నవాడు. అది నాటకాల్లో దుర్యోధనుని నోట ఖబడ్దార్ అయి కూర్చుంది. 'నిగాహ్' (చూపు) నిఘా అయింది. ఉర్దూ కవి నిగాహ్ ప్రియురాలి చూపు, తెలుగు పత్రికల నిఘా పోలీసు చూపు. 'గష్త్' గస్తీ, 'పహ్రా' పారా. కూపీ లాగడం అనే మాటలోని కూపీకి 'ఖుఫీ' (దాగినది) అనే మాటతో పోలిక చెవికే తెలుస్తుంది. హర్కారా మెల్లగా వేగు పని మరచి ఉత్తరాల సంచి మోసేవాడయ్యాడు. జాసూస్ మరాఠీలో 'జాసూద్' అయి, అక్కడ కూడా వేగు పనితో పాటు ఉత్తరాలు మోసే పనికీ పేరైంది. మాటలు జనం చేతిలో పడితే కొన్ని మంచివాటిగా మారాయి. కొన్నిటికి ముల్లు అలాగే ఉండిపోయింది.

1753లో సర్కారు జిల్లాలు ఫ్రెంచివారి చేతికి, 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం తరువాత ఇంగ్లీషు కంపెనీ పలుకుబడిలోకి, 1765-66లో ఫర్మానాతోను, నిజాముతో సంధితోను పూర్తిగా కంపెనీ పాలనలోకి వచ్చాయి. కొత్త ప్రభువులు పాత మాటలను పారవేయలేదు. 1820లలో రాజమండ్రిలో న్యాయాధికారిగా పనిచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన నిఘంటువులతో పాటు, తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు ప్రత్యేకంగా 1854లో ఒక మిశ్రభాషా నిఘంటువు ప్రచురించాడు. కచేరీలో కూర్చున్న దొరకు అర్జీదారు నోటి మాట అర్థం కావాలంటే ఈ మాటలు తెలియాలి. నిఘంటువు కూడా ఒక విధంగా వినడానికి చేసిన ఏర్పాటే. అయితే అది బాహాటంగా వినడం, దాని వల్ల భాషకు మేలు జరిగింది.

పోలీసు శాఖ ఏర్పడిన తరువాత పేర్లు మారాయి. రంపలో మొగలుల నాటి బిరుదుతో 'మన్సబ్‌దారు' ఉండేవాడు. అతడు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. తమ తిండికోసం కల్లు గీసుకోవడాన్ని సైతం కొత్త అబ్కారీ నియమాలు అడ్డుకున్నాయి. గుత్తేదారులు వచ్చారు. వారికి తోడు కానిస్టేబుళ్ళ దౌర్జన్యం. 1879 మార్చిలో మొదలైన పితూరీ భద్రాచలం, గొలుగొండ ప్రాంతాలకు పాకింది. అణచడానికి మద్రాసు సైన్యాలు దిగాయి. నాయకుల తలలకు వెలలు కట్టారు. వెల కట్టిన మరుక్షణం ప్రతి గూడెంలోను ఒక కొత్త వృత్తి పుడుతుంది. దానికి కోయభాషలో అప్పటిదాకా పేరు అవసరమై ఉండదు.

మైదానంలో మరో మాట పుట్టింది. మద్రాసు పోలీసు పాత నేరస్థులను ఒక పుస్తకంలో ఎక్కించి 'నోన్ డెప్రిడేటర్' అనేవారు. తెలిసిన దోపిడీగాడని అర్థం. పొడి అక్షరాల్లో కె.డి. ఆ పేరున్నవాడు రాత్రి ఇంట్లో ఉన్నాడో లేదో పోలీసు వచ్చి చూచిపోవాలి. జనం నోట అది 'కేడీ' అయింది, తిట్టు అయింది. కనిపెట్టేవానికి కాక కనిపెట్టబడేవానికి పుట్టిన పేరు ఇది.

1906లో మద్రాసు రాష్ట్రంలో సి.ఐ.డి. శాఖ ఏర్పడింది. మరుసటి ఏప్రిల్‌లోనే బిపిన్ చంద్ర పాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యసించారు. ట్రైనింగు కాలేజీ విద్యార్థులు వందేమాతరం అన్నందుకు శిక్షలకు గురయ్యారు. బహిష్కృతులైన వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. సి.ఐ.డి. అన్న మూడు అక్షరాలు అప్పటి నుండి తెలుగు మాటలే అయిపోయాయి. పల్లెలో ముక్కూ మొహం తెలియని మనిషి రెండు రోజులు తిరిగితే, ఎవరో సి.ఐ.డి. అనుకోవడం పరిపాటి అయింది. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్‌కు ఈ అక్షరాలు బాగా పరిచయం. 1915 నుండి 1919 వరకు ఆయన నిర్బంధంలో, పోలీసు కాపలాలో గడిపినవారు. ఆ తరువాత కరాచీ కేసులో జైలుకు వెళ్ళి ఆ ఏడే విడుదలైనవారు.

అదే రోజుల్లో ఎగువ మన్యంలో రెండవ పితూరీ నడుస్తోంది. 1922 తొలి నెలల్లోనే అల్లూరి సీతారామరాజు మీద వేగులు పోయాయి. అతడు తిరుగుబాటుకు జనాన్ని కూడగడుతున్నాడని పైకి వార్తలు చేరాయి. పోలీసు నిఘాలో ఉంచారు. రాజు కాదన్నాడు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజ్లుల్లా ఖాన్ అతని పట్ల ఆదరం చూపారు. పైడిపుట్టలో సాగు భూమి దొరికేటట్లు చేసి, అక్కడ ఉండనిచ్చారు. సూరా అల్-హుజురాత్‌లోనే, కనిపెట్టడాన్ని నిషేధించిన ఆయత్‌కు కొంచెం ముందు, 6వ ఆయత్‌లో మరో ఆజ్ఞ ఉంది. నమ్మదగనివాడు వార్త తెస్తే విచారించి నిర్ధారించుకొండి, తెలియక ఒక జనానికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి రాకుండా. బనీ ముస్తలిఖ్ తెగవారు జకాత్ ఇవ్వనని ఎదురు తిరిగారని ఒక వసూలుదారు తప్పుడు వార్త తెచ్చిన సందర్భంలో ఈ ఆయత్ అవతరించిందని తఫ్సీర్‌లు చెబుతాయి. ఫజ్లుల్లా ఖాన్ మనసులో ఇది మెదిలిందో లేదో గాని, ఆయన చేసింది కొండేల మీద చర్య తీసుకోకుండా మనిషిని పిలిచి మాట్లాడటం.

కాని ఆగస్టు 22, 23, 24 తేదీలలో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలు దాడికి గురయ్యాయి. తుపాకులు పోయాయి. వేగులవారి మాటే నిజమైంది గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, వారు మనిషి గురించి చెప్పింది తప్పు కాలేదు. అయితే ఆ వేగులు రాజు ఎక్కడ తిరుగుతున్నాడో, ఎవరితో మాట్లాడుతున్నాడో కనిపెట్టాయి. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులలో కూలీలకు సరైన కూలి ముట్టజెప్పకపోవడం, అడవి నియమాలతో పోడు ఆగిపోవడం అందరి కళ్ళ ఎదుటే జరిగాయి. వాటిని చూడటానికి వేగు అక్కరలేదు. గోడలు దూకి చూచేవారికి వాకిట్లో ఉన్నది కనిపించకపోవడం చాలా ప్రభుత్వాలకు జరిగిన విషయమే. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో స్కాట్ కవర్డ్, హైటర్ అనే అధికారులు మరణించారు. రెండేళ్ళ పాటు గూడేల నుండి పోలీసుకు నమ్మదగిన కబురు దాదాపు అందలేదు. రాజు తలకు 10,000 రూపాయల బహుమానం ప్రకటించినా త్వరగా ఫలితం కనిపించలేదు. 1924లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక అధికారిగా వచ్చి గ్రామాల మీద ఒత్తిడి పెంచిన తరువాత, మే 7న కొయ్యూరులో రాజును పట్టి కాల్చి చంపారు.

స్వాతంత్ర్యం తరువాత మన్యంలో ఇన్‌ఫార్మర్ అనే మాట వచ్చింది. ఆ పేరు పడటం ఒక మనిషికి ప్రాణాంతకం కావడం ఆ ప్రాంతం తరువాతి దశాబ్దాలలో చూచింది. కోవర్టు అనే మాట దాని వెనుక వచ్చింది. వీటి చరిత్ర ఇంకా పచ్చిగా ఉంది.

న్యాయస్థానాల్లో మాత్రం కేడీల సంగతి ఒకటి తేలింది. ఉత్తరప్రదేశ్ పోలీసు నిబంధనలపై ఖడక్ సింగ్ కేసులో 1962 డిసెంబరులో సుప్రీంకోర్టు, రాత్రివేళ ఇంటికి వచ్చి తలుపు తట్టి చూచిపోయే అధికారం రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసింది. మిగిలిన నిఘా నిబంధనలను ఉంచింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న చెప్పింది. ఇంటి వాకిలి గురించి, అనుమతి గురించి ఖలీఫాకు ఎదురు చెప్పిన ఆ పేరులేని మదీనా మనిషి వాదం దాదాపు ఇదే.

ఆంధ్రలో స్వాతంత్ర్యోద్యమ చరిత్రకు సంబంధించిన ప్రభుత్వ పత్రాలను మామిడిపూడి వెంకటరంగయ్య సంపాదకత్వంలో 1965 నుండి సంపుటాలుగా ప్రకటించారు. నాటి పోలీసుల, కలెక్టర్ల నివేదికలు వాటిలో విరివిగా ఉన్నాయి. అచ్చుపత్రికలు వదలివేసిన చిన్న ఊరి సభ, ఎవరికీ పట్టని ఒక ఉపన్యాసం, కనిపెట్టినవాని కాగితంలో దొరుకుతాయి. చరిత్రకారులు వాటిని వాడకుండా ఉండలేరు. ఉల్లేఖకుల గుణదోషాలను పరీక్షించిన హదీసు పండితులకు ఇటువంటి చిక్కే వచ్చింది. ఒకరి లోపాలు పదిమందిలో చెప్పడం పరోక్షనింద కాదా అని వారిని అడిగారు. ధర్మరక్షణ కోసం, అవసరమైనంత మేరకే అని వారు జవాబు చెప్పారు. ఎవరు చెప్పారో తెలియని వార్తను బలహీనమైనదిగా పక్కన పెట్టారు. రహస్య నివేదికలలో తరచు కనిపించేది అటువంటి వార్తే. కనిపెట్టబడిన మనిషి పేరు, ఊరు, వృత్తి అన్నీ అందులో ఉంటాయి. మొదట చూచి చెప్పినవాని పేరు ఉండవలసిన చోట 'విశ్వసనీయంగా తెలిసింది' అని మాత్రమే ఉంటుంది.